విండోస్ ప్రోటియోమిక్స్ సాఫ్ట్‌వేర్‌ను లినక్స్ సర్వర్‌లో నడపాలి, ఏ దారి పట్టాలి?

మిర్చి_ఆకు
మా ల్యాబ్‌లో మిర్చి ఆకుల మీద పని. నల్ల తామర పురుగు పడ్డ మొక్కలు, పడని మొక్కలు, రెండింటి ప్రోటీన్లను మొత్తంగా కొలిచి పోల్చాలి, ప్రోటియోమిక్స్ అంటే అదే. వరంగల్‌లో మాస్ స్పెక్ (ప్రోటీన్ ముక్కల బరువు కొలిచే మెషీన్) దొరక్క శాంపిల్స్ హైదరాబాద్‌లో ఒక ఫెసిలిటీకి ఇచ్చి ఆర్బిట్రాప్ అనే థర్మో కంపెనీ మెషీన్ మీద నడిపించుకొచ్చాం. 24 రా ఫైల్స్ (మెషీన్ ఇచ్చే అసలు డేటా), అన్నీ డీడీఏ (బలంగా కనిపించే పెప్టైడ్లను, అంటే ప్రోటీన్ ముక్కలను, ఎంచుకుని చదివే పద్ధతి), లేబుల్ ఫ్రీ (గుర్తులు తగిలించకుండా కొలిచినవి). హార్డ్ డిస్క్ నా టేబుల్ మీదే ఉంది, పని మాత్రం ముందుకు పోవట్లేదు.

లొల్లి ఎక్కడంటే, ఈ డేటా నుంచి ప్రోటీన్లు గుర్తించి లెక్కగట్టే మ్యాక్స్‌క్వాంట్ ఉన్న పీసీలో 16 జీబీ ర్యామే. మూడు ఫైల్స్ పెడితే మౌస్ కూడా కదలదు. పైగా అది విండోస్ 10. 2025 అక్టోబర్ 14తో దానికి సపోర్ట్ అయిపోయింది. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేదు కాబట్టి 11 ఎక్కదు. నెట్ నుంచి తీసేయమని పైనుంచి చెప్పేశారు. డిపార్ట్‌మెంట్‌లో మంచి సర్వర్ ఉంది. 32 కోర్లు, 128 జీబీ ర్యామ్, ఉబుంటు 22.04 లినక్స్. దాన్ని చూసుకునే సార్ మాత్రం "విండోస్ వేయను, అడగొద్దు" అన్నారు.

వైన్ (విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి మ్యాక్స్‌క్వాంట్ తెరిచి చూశాను. విండో సగం తెల్లగా వచ్చి అక్కడే ఆగిపోతోంది. ఇదే దారిలో కొట్లాడాలా, వేరే దారి ఉందా? సర్వర్‌లో నాకు సుడో, అంటే అడ్మిన్ హక్కు, లేదు.

బజ్జీ_బ్రేక్
మిర్చి మీద పీహెచ్‌డీ చేస్తూ వైన్ కూడా పెట్టావు. ఇంకేం కావాలి తమ్ముడూ.

మిర్చి_ఆకు
తమ్ముడు కాదు, చెల్లె. బజ్జీలు తర్వాత, ముందు జవాబు.

కాజీపేట_జంక్షన్
వైన్ వదిలెయ్. మ్యాక్స్‌క్వాంట్‌కి అది అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ మొత్తం సీ షార్ప్ భాషలో, మైక్రోసాఫ్ట్ వాళ్ల డాట్‌నెట్ మీద రాసింది. లినక్స్‌లో కూడా నడుస్తుందని 2018లో నేచర్ మెథడ్స్‌లో ఆ టీమ్ వాళ్లే రాశారు. అప్పట్లో మోనో (లినక్స్‌లో డాట్‌నెట్ ప్రోగ్రాములు నడిపే సాఫ్ట్‌వేర్) మీద నడిపేవాళ్లం. విండోస్‌లో కనిపించే ఆ ట్యాబుల విండో మాత్రం లినక్స్‌లో రాదు. లోపల లెక్క చేసే ఇంజిన్ వేరే ఫైల్, దాని పేరు మ్యాక్స్‌క్వాంట్‌సీఎండీ. జిప్‌లోనే బిన్ ఫోల్డర్‌లో ఉంటుంది. దాన్ని కమాండ్ లైన్ నుంచి పిలవడమే.

1.6 సిరీస్ వాడుతుంటే మోనో, కొత్త సిరీస్ అయితే డాట్‌నెట్. ఏ వెర్షన్‌కి ఏ డాట్‌నెట్ కావాలో డౌన్‌లోడ్ పేజీలోనే చెప్తారు. అది చదవకుండా కనబడిందల్లా దించుకుని పరేషాన్ అయ్యేవాళ్లే ఎక్కువ. సుడో లేదని రంధి పెట్టుకోకు, నీ హోమ్ ఫోల్డర్‌లో కోండా అనే ప్యాకేజీ మేనేజర్ పెట్టుకుంటే డాట్‌నెట్టూ మోనో రెండూ అక్కడే దిగుతాయి. జీవశాస్త్ర సాఫ్ట్‌వేర్లు దొరికే కోండా విభాగం బయోకోండాలో మ్యాక్స్‌క్వాంట్ ప్యాకేజీ కూడా ఉంది.

రూట్_యూజర్_హన్మకొండ
ఇంత తిప్పలెందుకు? ఆ సర్వర్‌లోనే వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్) పెట్టి, లోపల విండోస్ 11 వేస్తే పని అయిపోయె. 64 జీబీ, 16 కోర్లు ఇస్తే మ్యాక్స్‌క్వాంట్, దాని ఫలితాల స్టాటిస్టిక్స్ చూసే పెర్సియస్, థర్మో వాళ్ల ప్రోటియోమ్ డిస్కవరర్ అన్నీ అందులోనే. ఎర్రర్ వస్తే గూగుల్‌లో దొరికే జవాబులన్నీ విండోస్ వాళ్లవే కదా.

సుబేదారి_సర్వర్
@రూట్_యూజర్_హన్మకొండ నేను అలాంటి ఒక సర్వర్ చూసుకునేవాడినే, అందుకే చెప్తున్నా. ఆ విండోస్‌కి లైసెన్స్ ఎవరు కొంటారు? అప్‌డేట్లు ఎవరు చూస్తారు? అర్ధరాత్రి అదే రీస్టార్ట్ అయి రెండు రోజుల రన్ పోతే ఫోన్ నాకే వస్తుంది. పైగా 64 జీబీ దానికి కట్టేస్తే మిగతా స్కాలర్లు ఏం చేయాలి? ఆ సార్ వద్దన్నది ఊరికే కాదు.

రూట్_యూజర్_హన్మకొండ
అప్‌డేట్ టైమ్ మార్చుకోవచ్చు సార్. ఒక్క విండోస్ లేకపోతే ప్రోటియోమ్ డిస్కవరర్ ఎక్కడ నడుపుతారు? అది లినక్స్‌లో పుట్టలేదు, పుట్టేలా కూడా లేదు.

సుబేదారి_సర్వర్
దానికి ఒప్పుకుంటా. ప్రోటియోమ్ డిస్కవరర్ తప్పనిసరి అన్నవాళ్లకు విండోసే గతి. కానీ ఆమె అడిగింది మ్యాక్స్‌క్వాంట్.

మిర్చి_ఆకు
@కాజీపేట_జంక్షన్ కమాండ్ లైన్ సరే. పారామీటర్లు ఎక్కడ పెట్టాలి? విండోలో అయితే ట్రిప్సిన్ (ప్రోటీన్‌ను కోసే ఎంజైమ్), మాడిఫికేషన్లు, ఎల్‌ఎఫ్‌క్యూ (లేబుల్ ఫ్రీ లెక్క) అన్నీ క్లిక్ చేస్తాం. ఇక్కడ క్లిక్ చేసేది ఏముంది?

కాజీపేట_జంక్షన్
అన్నీ ఎంక్యూపార్ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో ఉంటాయి. దాన్ని ఆ పాత విండోస్ పీసీలోనే తయారు చెయ్. నెట్ అక్కర్లేదు, 16 జీబీ చాలు, ఎందుకంటే రన్ కొట్టవు కదా. 24 ఫైల్స్ ఎక్కించు, ఎక్స్‌పరిమెంట్ పేర్లు పెట్టు, ఫాస్టా (ప్రోటీన్ సీక్వెన్స్‌ల ఫైల్) చూపించు, ఎల్‌ఎఫ్‌క్యూ టిక్ పెట్టు, సేవ్ పారామీటర్స్. ఆ ఒక్క ఫైల్‌ని సర్వర్‌కి తెచ్చుకో. రెండు చోట్లా వెర్షన్ ఒక్కటే ఉండాలి. 1.6లో చేసిన ఎంక్యూపార్‌ని 2 సిరీస్‌కి ఇస్తే తిక్క తిక్క ఎర్రర్లు వస్తాయి.

ఇప్పుడు అసలు కిరికిరి. అందులో ప్రతి ఫైల్ దారీ విండోస్ పద్ధతిలో ఉంటుంది. డీ డ్రైవ్, కోలన్, వెనక్కి వాలిన గీతలు. లినక్స్‌కి అది అర్థం కాదు. నోట్‌ప్యాడ్‌లో కూర్చుని మార్చొద్దు, కమాండ్‌లోనే చేంజ్‌ఫోల్డర్ అనే ఆప్షన్ ఉంది. కొత్త ఎంక్యూపార్ పేరు, ఫాస్టా ఉన్న ఫోల్డర్, రా ఫైల్స్ ఉన్న ఫోల్డర్, చివర పాత ఎంక్యూపార్ ఇస్తే అదే మార్చి రాస్తుంది. ఆ తర్వాత డ్రైరన్ ఒకసారి కొట్టు. పని చేయదు గానీ చేయబోయే మెట్లన్నీ నంబర్లతో చూపిస్తుంది. ఆ లిస్ట్ దాచుకో, తర్వాత అక్కరకొస్తుంది.

పెప్టైడ్_పిన్ని
దానికి ఇంకోటి కలుపుతా. విండోస్‌కి పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ ఒక్కటే, లినక్స్‌కి వేరు. ఫెసిలిటీ వాళ్లు కొన్ని ఫైల్స్ చివర రా అని చిన్నక్షరాల్లో, కొన్ని పెద్దక్షరాల్లో ఇస్తారు. కళ్లముందే ఫైల్ ఉంటుంది, సాఫ్ట్‌వేర్ మాత్రం లేదంటుంది. పేర్లలో ఖాళీలు, బ్రాకెట్లు ఉంటే కూడా ముందే తీసెయ్. కానీ ఎంక్యూపార్ తయారు చేయకముందే తియ్యాలి. తర్వాత తీస్తే మళ్లీ మొదటికే.

ఫాస్టా సంగతి కూడా. యూనిప్రాట్ అనే ప్రోటీన్ డేటాబేస్ నుంచి మిర్చి ప్రోటియోమ్ (మొత్తం ప్రోటీన్ల జాబితా) దించుకుంటే హెడర్‌లో నిలువు గీతల మధ్య అసెషన్, అంటే ప్రోటీన్ ఐడీ, ఉంటుంది. దాన్ని పట్టుకునే పార్స్ రూల్ సరిగ్గా పెట్టారా అని విండోలోనే టెస్ట్ బటన్ నొక్కి చూడు. ఎక్స్‌ఎంఎల్‌ని చేత్తో మారుస్తూ ఆ రూల్‌లోని గ్రేటర్‌దన్ గుర్తును కెలికితే, రన్ అంతా అయ్యాక ప్రోటీన్ ఐడీల కాలమ్‌లో చెత్త కనిపిస్తుంది.

ట్రిప్సిన్_తాత
అమ్మా, సాఫ్ట్‌వేర్ సంగతి పిల్లలు చెప్తున్నారు గానీ, శాంపిల్ సంగతి నేను చెప్తా. ఆకు అంటే కరిగిన ప్రోటీన్‌లో పెద్ద వాటా కిరణజన్య సంయోగక్రియ ఎంజైమ్ రుబిస్కోదే. దాన్ని తగ్గించకుండా ఇంజెక్ట్ చేసి ఉంటే, ఆ గుంపులో డిఫెన్స్ ప్రోటీన్లను వెతకడం మేడారం జాతరలో తప్పిపోయిన పిల్లాడిని వెతికినట్టే. ముందు ఆ విషయం ఫెసిలిటీ వాళ్లను అడుగు. ఇంకోటి, పురుగు పడ్డ ఆకుల్లో పురుగు ప్రోటీన్లు కూడా ఉంటాయి. తామర పురుగు ఫాస్టా కూడా పక్కన చేర్చి వెతుకు. లేకపోతే దాని పెప్టైడ్లు కొన్ని మిర్చి ఖాతాలో పడతాయి.

మిర్చి_ఆకు
@ట్రిప్సిన్_తాత పెగ్‌తో (పాలీఇథిలీన్ గ్లైకాల్) రుబిస్కో తగ్గించాం సార్. పురుగు ఫాస్టా సంగతి మాత్రం ఆలోచించలేదు, చేరుస్తా.

బజ్జీ_బ్రేక్
ఇప్పుడు పెగ్ కూడా వచ్చింది. ఈ థ్రెడ్‌ని ఎక్సైజ్ వాళ్లు చూస్తారు.

ఫ్రాగర్_ఫ్యాన్
ఎవరూ అడగట్లేదు కాబట్టి నేనే అడుగుతా. మ్యాక్స్‌క్వాంటే ఎందుకు? ఇదే పని చేసే ఫ్రాగ్‌పైప్ జావాలో ఉంది, లినక్స్‌లో విండోతో సహా తెరుచుకుంటుంది, విండో వద్దంటే హెడ్‌లెస్‌గా నడుస్తుంది. థర్మో రా ఫైల్స్ నేరుగా చదువుతుంది. లోపలున్న సెర్చ్ ఇంజిన్ ఎంఎస్‌ఫ్రాగర్ 2017లో వచ్చింది, మిషిగన్ యూనివర్సిటీ వాళ్లది. స్పీడ్ చూస్తే వెనక్కి రారు. అకడమిక్ వాళ్లకు ఫ్రీ, లైసెన్స్‌కి ఒప్పుకుని దించుకోవాలి, అంతే. ఈ ఎంక్యూపార్, చేంజ్‌ఫోల్డర్ పంచాయతీ అంతా ఉండదు.

ట్రిప్సిన్_తాత
స్పీడ్ మంచిదే. ఆ అమ్మాయి థీసిస్‌లో మొదటి చాప్టర్ మ్యాక్స్‌క్వాంట్‌తో అయిపోయి ఉంటే? రెండో చాప్టర్‌లో ఇంజిన్ మార్చితే ప్రోటీన్ల సంఖ్య పెరిగింది పురుగు వల్లా, సాఫ్ట్‌వేర్ వల్లా అని ఎగ్జామినర్ అడుగుతాడు. నేనైతే అడుగుతా.

ఫ్రాగర్_ఫ్యాన్
అయితే పాత డేటాను కూడా కొత్తదాంట్లో మళ్లీ నడపాలి. రా ఫైల్స్ ఉన్నాయి కదా, ఎక్కడికి పోతాయి?

ట్రిప్సిన్_తాత
నడపొచ్చు. పేపర్ అచ్చయిపోతే నడిపి ఏం చేస్తాం నాయనా?

పెప్టైడ్_పిన్ని
ఇద్దరిదీ నిజమే గానీ ఆమె సగం దారిలో ఉందో మొదట్లో ఉందో ఆమెనే చెప్పనివ్వండి.

మిర్చి_ఆకు
సగం దారిలోనే. పోయిన ఏడాది పంపిన పేపర్ మ్యాక్స్‌క్వాంట్ 2 సిరీస్‌తో చేసిందే, ఇప్పుడు రివ్యూలో ఉంది. అందుకే అదే వెర్షన్‌తో ఉండాలని గైడ్ మేడమ్ పట్టు. ఫ్రాగ్‌పైప్ తర్వాతి ప్రాజెక్టుకి చూస్తా.

కరీంనగర్_పోరడు
మధ్యలో దూరుతున్నా. మా మాస్ స్పెక్ థర్మో కంపెనీది కాదు, సైఎక్స్‌ది. డేటా అంతా విఫ్ ఫైల్స్. లినక్స్‌లో ఏదీ ముట్టుకోవట్లేదు. మాకేం దారి?

కాజీపేట_జంక్షన్
నీ కథ వేరు. థర్మో వాళ్లు రా ఫైల్ చదివే లైబ్రరీని డాట్‌నెట్‌లో ఇచ్చారు, అది లినక్స్‌లోనూ నడుస్తుంది. బ్రూకర్ వాళ్ల టిమ్స్‌టాఫ్ మెషీన్ డేటాకి లినక్స్ లైబ్రరీ ఉంది. విఫ్ చదివే లైబ్రరీ విండోస్‌దే. కాబట్టి నీకు వైన్ తప్పదు, కానీ చేత్తో పెట్టుకోకు. ఫైళ్లు మార్చే టూల్స్ చేసే ప్రోటియోవిజార్డ్ వాళ్లు వైన్‌తో సహా అంతా సర్ది ఒక డాకర్ ఇమేజ్ ఇచ్చారు. కంపెనీల లైసెన్సులకు ఒప్పుకుంటున్నాను అనే మాట ఆ ఇమేజ్ పేరులోనే ఉంటుంది, చూస్తే నవ్వొస్తుంది. అందులో ఎంఎస్‌కన్వర్ట్ నడిపి విఫ్‌ని ఎంజెడ్‌ఎంఎల్ అనే ఓపెన్ ఫార్మాట్‌గా మార్చుకో. ఆ తర్వాత వైన్ వద్దు, విండోస్ వద్దు. ప్రోటీన్లు వెతికే సేజ్, కామెట్, ఓపెన్‌ఎంఎస్, ఫ్రాగ్‌పైప్ ఏదైనా లినక్స్‌లోనే. పెప్టైడ్లను కొలిచే స్కైలైన్ కమాండ్ లైన్ కూడా ఆ ఇమేజ్‌లోనే ఉంటుంది.

రెండు జాగ్రత్తలు. విఫ్ పక్కన విఫ్ డాట్ స్కాన్ అని ఇంకో ఫైల్ ఉంటుంది, అసలు స్పెక్ట్రాలు అందులోనే. రెండూ ఒకే ఫోల్డర్‌లో ఉండాలి. ఇంకోటి, పీక్ పికింగ్ ఫిల్టర్‌ని అన్ని ఫిల్టర్ల కన్నా ముందు పెట్టు. వేరే ఫిల్టర్ ముందు పడితే వెండర్ వాళ్ల పద్ధతిలో సెంట్రాయిడ్ (వెడల్పు పీక్‌ను ఒక్క గీతగా మార్చడం) చేయలేదు.

కరీంనగర్_పోరడు
డాకర్ అడిగితే మా అడ్మిన్ కొట్టేలా చూశాడు.

సుబేదారి_సర్వర్
కొట్టకపోవడం అతని మంచితనం. డాకర్ గ్రూప్‌లో చేర్చడమంటే దాదాపు రూట్, అంటే పూర్తి అడ్మిన్ హక్కు, ఇచ్చినట్టే. డాకర్ లాంటిదే గానీ రూట్ అక్కర్లేని యాప్‌టైనర్ అడుగు, దాన్నే పాత పేరుతో సింగులారిటీ అనేవాళ్లు. అదే డాకర్ ఇమేజ్‌ని దాంట్లో దించుకోవచ్చు. కానీ తిన్నగా వైన్ అని పిలిస్తే "వైన్‌ప్రిఫిక్స్ నీది కాదు" అని ఎర్రర్ ఇస్తుంది, ఎందుకంటే ఇమేజ్ లోపల ఆ ఫోల్డర్‌కి రూట్ యజమాని. దానికోసం ఇమేజ్‌లోనే మైవైన్ అని చిన్న స్క్రిప్ట్ పెట్టారు. వైన్ బదులు దాన్ని పిలువు.

నిర్మల్_బొమ్మ
థర్మో వాళ్లు కూడా ఎంజెడ్‌ఎంఎల్‌గా మార్చుకోవాలా? థర్మోరాఫైల్‌పార్సర్ అని ఒకటి విన్నా.

కాజీపేట_జంక్షన్
మ్యాక్స్‌క్వాంట్‌కి వద్దు, అది రా ఫైల్‌నే చదువుతుంది. మార్చితే డిస్క్ నిండడం తప్ప ఒరిగేది లేదు. సేజ్, కామెట్ లాంటి వాటికైతే కావాలి. అప్పుడు థర్మోరాఫైల్‌పార్సరే మేలు, వైన్ లేకుండా లినక్స్‌లో నడుస్తుంది, బయోకోండాలో దొరుకుతుంది.

డయా_డ్యూటీ
డీఐఏ (ఎంచుకోకుండా పెప్టైడ్లన్నిటినీ చదివే పద్ధతి) చేసేవాళ్ల కోసం ఒక మాట. దాని సాఫ్ట్‌వేర్ డయా-ఎన్‌ఎన్ విండో విండోస్‌లోనే, కానీ లినక్స్ బైనరీ వాళ్లే ఇస్తారు. మునుపు లినక్స్‌లో రా ఫైల్ చదివేది కాదు, ఎంజెడ్‌ఎంఎల్ చేసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు కొత్త వెర్షన్లలో డాట్‌నెట్ 8 పెట్టుకుంటే రా ఫైల్ నేరుగా తీసుకుంటుంది. కమాండ్ ఎలా రాయాలో తెలియకపోతే విండోస్ విండోలో అన్నీ క్లిక్ చేసి రన్ కొట్టండి, లాగ్‌లో పూర్తి కమాండ్ పడుతుంది. అది కాపీ చేసుకుని దారులు మార్చుకుంటే సరిపోతుంది. మా ల్యాబ్‌లో కొత్తగా వచ్చినవాళ్లకు నేర్పేది ఇదే.

మిర్చి_ఆకు
అప్‌డేట్. కోండాలో డాట్‌నెట్ వేశా, అదే వెర్షన్ మ్యాక్స్‌క్వాంట్ పెట్టా. కమాండ్ కొట్టగానే ఐసీయూ ప్యాకేజీ దొరకలేదు అని చెప్పి ఆగిపోయింది. పేరు చూసి గుండె జారింది.

బజ్జీ_బ్రేక్
ఎంజీఎం ఆసుపత్రికి తీసుకుపో.

పెప్టైడ్_పిన్ని
భాషల వ్యవహారం చూసే లైబ్రరీ అది, భయపడకు. కోండాలో ఐసీయూ ప్యాకేజీ వేసుకో, లేదా డాట్‌నెట్ సిస్టమ్ గ్లోబలైజేషన్ ఇన్వేరియంట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని 1 అని పెట్టు. రెండోది అర నిమిషం పని.

మిర్చి_ఆకు
పోయింది! డ్రైరన్ వచ్చింది, మెట్ల జాబితా పొడుగ్గా ఉంది. రెండు ఫైల్స్‌తో పరీక్ష పెడుతున్నా. డేటా ఇంకా హార్డ్ డిస్క్ మీదే ఉంది, యూఎస్‌బీలో పెట్టి అక్కడి నుంచే నడుపుతున్నా.

సుబేదారి_సర్వర్
అక్కడి నుంచి నడపకు. ఆ డిస్క్ ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫార్మాట్) అయి ఉంటుంది, పైగా యూఎస్‌బీ. మ్యాక్స్‌క్వాంట్ రా ఫైల్ పక్కనే బోలెడు చిన్న చిన్న ఫైళ్లు రాస్తుంది, కంబైన్డ్ అనే ఫోల్డర్‌లో ఇంకా రాస్తుంది. సర్వర్ లోపలి డిస్క్‌కి కాపీ చేసుకుని నడుపు. రా ఫైల్స్ సైజుకి రెండు మూడింతలు ఖాళీ ఉందో లేదో చూసుకో. ఒరిజినల్ హార్డ్ డిస్క్‌ని తీసి బీరువాలో పెట్టు.

మిర్చి_ఆకు
కాపీ చేశా. రెండు ఫైల్స్‌తో అయిపోయింది. అదే రెండు ఫైల్స్ పాత పీసీలో కూడా నడిపి ప్రోటీన్‌గ్రూప్స్ టెక్స్ట్ ఫైల్స్ రెండూ పక్కపక్కన పెట్టి చూశా. ప్రోటీన్ గ్రూపులు అవే, ఎల్‌ఎఫ్‌క్యూ అంకెలు కూడా అవే. మేడమ్‌కి చూపించా, సరే అన్నారు. ఇప్పుడు 24 ఫైల్స్‌కి థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనులు) 32 పెట్టేయనా?

కాజీపేట_జంక్షన్
వద్దు. చాలా మెట్లు ఫైల్‌కి ఒక థ్రెడ్ చొప్పున నడుస్తాయి, 24 ఫైల్స్ ఉన్నప్పుడు 32 థ్రెడ్లు దండగ. ర్యామ్ కూడా చూడు, థ్రెడ్‌కి 2 జీబీ కనీసం అనుకో, 4 ఉంటే నిశ్చింత. 24 పెడితే నీ 128లో సరిపోతుంది, కానీ సర్వర్ నీ ఒక్కదానిదే కాదు కదా. 20 పెట్టి వదిలెయ్. మొదలుపెట్టే ముందు తెరిచి ఉంచగల ఫైళ్ల పరిమితి పెంచుకో, యూలిమిట్ కమాండ్‌తో. లేకపోతే మధ్యలో టూ మెనీ ఓపెన్ ఫైల్స్ అని పడిపోతుంది.

సుబేదారి_సర్వర్
20 అన్నందుకు ధన్యవాదాలు. టీమక్స్‌లో నడపమని కూడా చెప్పు.

రూట్_యూజర్_హన్మకొండ
అవును, అది ముఖ్యం. హాస్టల్ వైఫై నుంచి లాగిన్ అయి రన్ పెట్టి, వైఫై పోగానే రన్ కూడా పోయిందని ఏడ్చేవాళ్లను చాలామందిని చూశా. టీమక్స్‌లో పెడితే ల్యాప్‌టాప్ మూసేసి పోయినా అక్కడ నడుస్తూనే ఉంటుంది. చూశారా, విండోస్ మనిషినైనా లినక్స్ సలహా ఇచ్చా.

మిర్చి_ఆకు
నిన్న రాత్రి గాలివానకి కరెంట్ పోయింది. యూపీఎస్ కాసేపు ఆగి అదీ పోయింది. రన్ దాదాపు సగంలో ఉండె. మళ్లీ మొదటి నుంచా?

కాజీపేట_జంక్షన్
అందుకే డ్రైరన్ లిస్ట్ దాచుకోమన్నది. పార్షియల్ ప్రాసెసింగ్ ఆప్షన్ ఉంది. ఏ మెట్టు దగ్గర ఆగిందో కంబైన్డ్ లోపల ప్రాక్ ఫోల్డర్‌లో చూడు, మొదలైన మెట్టుకీ అయిపోయిన మెట్టుకీ వేరువేరు చిన్న ఫైళ్లు ఉంటాయి. మొదలై పూర్తికాని మెట్టు ఏదో పట్టుకుని, దాని నంబర్ ఇచ్చి అక్కడి నుంచి నడుపు. అనుమానంగా ఉంటే దాని కన్నా ఒకటి రెండు మెట్లు వెనక నుంచి. ఆ ఫోల్డర్‌లో ఏదీ చెరిపేయకు.

ట్రిప్సిన్_తాత
సగం రాసిన ఫైల్ మిగిలి ఉంటే దాన్నే నమ్మి ముందుకు పోతుందేమో అని నా అనుమానం. కరెంట్ పోయిన రన్‌తో పేపర్ రాయొద్దు. ఇప్పుడు ఇలా పూర్తి చేసి ఫలితం చూసుకో, చివరికి మాత్రం ఖాళీ ఫోల్డర్‌లో మొదటి నుంచి ఒక రన్ పెట్టి ఆ అంకెలే వాడు.

కాజీపేట_జంక్షన్
అంత అవసరం లేదు సార్, మెట్టు మొదటి నుంచి మళ్లీ రాస్తుంది కదా.

ట్రిప్సిన్_తాత
సర్వర్ రెండు రోజులు ఎక్కువ నడిస్తే కరెంట్ బిల్లు నీదా నాదా? మళ్లీ పెట్టమ్మా.

సుబేదారి_సర్వర్
బిల్లు సంగతి నన్నడగండి. అయినా తాతగారి మాటే వినమ్మా, వారాంతంలో పెట్టుకో, అప్పుడు సర్వర్ ఖాళీగా ఉంటుంది.

నిర్మల్_బొమ్మ
ఇదంతా అయ్యాక పెర్సియస్‌కి మళ్లీ విండోస్ కావాలిగా? అదొక్కటీ లినక్స్‌లో తెరుచుకోదు.

పెప్టైడ్_పిన్ని
పెర్సియస్ కావాలంటే ఆ పాత పీసీ చాలు, ప్రోటీన్‌గ్రూప్స్ ఫైల్ కొన్ని ఎంబీలే. నెట్ లేకపోయినా పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోవచ్చు. నేనైతే ఆర్ అనే స్టాటిస్టిక్స్ భాష నేర్చుకోమంటా. రివర్స్, కంటామినెంట్, ఓన్లీ ఐడెంటిఫైడ్ బై సైట్ అనే మూడు కాలమ్స్‌లో ప్లస్ గుర్తున్న వరసలు తీసెయ్, లాగ్ తీసుకో, అందులోని లిమ్మా ప్యాకేజీతో పోల్చు. పదిహేను ఇరవై లైన్ల పని. రివ్యూయర్ ఏదైనా మార్చమన్నప్పుడు మళ్లీ అన్నీ క్లిక్ చేయాల్సిన పని ఉండదు. ఒక్కటి మాత్రం చూసుకో, ఎల్‌ఎఫ్‌క్యూ సున్నా అంటే ప్రోటీన్ లేదని కాదు, కొలవలేదని. లాగ్ తీసేముందు సున్నాలను ఖాళీలుగా మార్చు.

ఫ్రాగర్_ఫ్యాన్
ఎంఎస్‌స్టాట్స్ కూడా చూడండి, అదీ ఆర్‌లోనే.

వేములవాడ_వెక్టర్
మ్యాక్‌బుక్ ఎం1 ఉంది నా దగ్గర. డాట్‌నెట్ దానికీ ఉంది కదా, అందులో మ్యాక్స్‌క్వాంట్ నడుస్తుందా?

కాజీపేట_జంక్షన్
ల్యాప్‌టాప్‌లో 24 ఫైల్స్ నడపాలని ఎందుకంత కోరిక? దానికి వేరే థ్రెడ్ పెట్టు, ఇక్కడ కలపకు.

మిర్చి_ఆకు
పార్షియల్‌తో నడిపినది అయిపోయింది, ఫలితాలు వచ్చాయి. తామర పురుగు ప్రోటీన్లు కూడా కొన్ని దొరికాయి, తాతగారూ. అవి ముందు పరీక్షలో మిర్చి పేరుతోనే కనిపించినవేనా అని ఇంకా చూడాలి. శుక్రవారం సాయంత్రం ఖాళీ ఫోల్డర్‌లో మొదటి నుంచి పెడుతున్నా, 20 థ్రెడ్లు, టీమక్స్‌లో. సుబేదారి సార్, మీరు మా సార్ కాదు కదా?

సుబేదారి_సర్వర్
కాదమ్మా. మీ సార్ అయితే ఇంత ఓపిగ్గా చెప్పేవాడినా.

కరీంనగర్_పోరడు
యాప్‌టైనర్ ఇచ్చారు, మైవైన్ పనిచేసింది, ఎంజెడ్‌ఎంఎల్స్ వస్తున్నాయి. ఒక్క శాంపిల్ మాత్రం మార్చడం లేదు. చూస్తే దాని స్కాన్ ఫైలే కాపీ కాలేదు, విఫ్ ఒక్కటే ఉంది.

కాజీపేట_జంక్షన్
విఫ్ ఒక్కదానితో ఏమీ రాదు. శాంపిల్ నడిపినవాళ్లకు ఇవాళే ఫోన్ చెయ్. కొన్నిచోట్ల పాత డేటా చెరిపేస్తుంటారు.

కరీంనగర్_పోరడు
చేశా. ఉందట, ఇంకా చెరపలేదట. పెద్ద ఫైల్, మెయిల్‌లో పంపలేం, వచ్చి తీసుకుపొమ్మన్నారు. రేపు పొద్దున బస్సుకి పోతున్నా. వస్తూ మిగతా శాంపిల్స్ స్కాన్ ఫైళ్లు కూడా సైజులతో సహా సరిచూసుకుని వస్తా.